తరగతిలో అధ్యక్షుని యెన్నిక

అమెరికా దేశాధ్యక్షుల పేర్లను వల్లె వేయించుట కష్టము కాదు. జార్జి వాషింగ్టను మొదలుకొని వరుసగా నొప్పజెప్పగల బాలురు మా యెనిమిదవ తరగతిలో నలుగు రున్నారు. వారిలో నొకనిని “అధ్యక్షుడనగా నెవరు?” అని యడుగగా, “ఆ దేశపు రాజు” అని తడబడక చెప్పెను. మేము నవ్వలేదు. గద్వాల, వనపర్తి పూర్వము సంస్థానములు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశమున గలిసిన పిమ్మట ఆ రాజరికములు పోయినవి. కోటయు, రాజభవనమును నిలిచి యున్నవి. వానిని జూచుచు పెరిగిన బిడ్డలకు ఏలువాడనగా రాజే.

అందుచేత జాబితాను ప్రక్కన బెట్టి యెన్నికయే జరిపితిమి. దసరా సెలవుల వరకు తరగతి పెద్ద యెవ్వరో నిజముగా నిందువలననే తేలవలెనని ముందే చెప్పితిమి. ఉత్తుత్తి ఆటయైనచో పిల్లలు మనసు పెట్టరు.

తరగతిలో 36 మంది కలరు: గద్వాల వైపువారు 18, వనపర్తివారు 12, నాగర్‌కర్నూలువారు 6. ఒక్కొక్క యూరిని ఒక్కొక్క రాష్ట్రముగా నెంచితిమి. అమెరికాలో ప్రజలు వేయు ఓట్లు నేరుగా అధ్యక్షుని నిర్ణయింపవు. ప్రతి రాష్ట్రమునకును సెనేటు లెక్కన ఇద్దరు, ప్రతినిధుల సభలో దానికెన్ని స్థానములో అందరును కలిపి ఎన్నిక చేయు ప్రతినిధు లుందురు. రాజధానికిచ్చిన ముగ్గురితో మొత్తము 538 మంది. అందు 270 మంది మద్దతు కావలెను. రెండు రాష్ట్రములలో దప్ప, ఒక రాష్ట్రమున ఎక్కువ ఓట్లు పొందినవారికే అచ్చటి ప్రతినిధులందరును చెందుదురు. మేమును ఊరికి ఇద్దరు, ఆపై ఆరుగురు పిల్లల కొకరు చొప్పున లెక్క కట్టగా, గద్వాలకు 5, వనపర్తికి 4, నాగర్‌కర్నూలుకు 3 వచ్చినవి. గెలుపునకు 7 కావలెను.

గద్వాల బాలిక యొకతె, వనపర్తి బాలుడొకడు నిలిచిరి. బిస్కెట్ల డబ్బాలో చీటీలు వేసిరి. బాలికకు గద్వాలలో 16, వనపర్తిలో 5, నాగర్‌కర్నూలులో 2, వెరసి 23 ఓట్లు. బాలునికి 2, 7, 4, వెరసి 13 మాత్రమే. అయినను రెండూళ్లు గెలిచిన వానికి 7 ప్రతినిధులు, ఆమెకు 5. నల్లబల్లపై నీ లెక్క తేలగానే గద్వాల వరుసలలో గగ్గోలు పుట్టెను. “ఎక్కువమంది నన్నే కోరిరి గదా, అయ్యా!” అని ఆమె కన్నీరు పెట్టుకొనెను. నియమమును చెప్పితిమే గాని, ముందుగా నొకసారి లెక్క వేయించి చూపలేదు. అది మా లోపము.

అప్పుడు 2000, 2016 సంవత్సరముల యెన్నికలను చెప్పితిమి. దేశమంతట ఎక్కువ ఓట్లు పొందిన ఆల్ గోరును, హిల్లరీ క్లింటనును అధ్యక్షులు కాలేదు. ఈ పద్ధతి 1787లో వ్రాసిన రాజ్యాంగమునుండి వచ్చినది. ఇది న్యాయమా యని పిల్లలనే వాదింపుమంటిమి. “ఇది లేకున్న మా ఆరుగురి యొద్దకు ఎవరు వత్తురు?” అని నాగర్‌కర్నూలు పిల్లవాడొకడు లేచెను. బాలిక గద్వాల వరుసలు దాటి ఓటు అడుగనే లేదని యప్పుడు బయటపడెను.

మరుసటి వారము మన రాష్ట్రపతి యెన్నికను తీసికొంటిమి. ఇచ్చట పార్లమెంటు, శాసనసభల సభ్యులు ఓటు వేయుదురు. చీటీపై మొదటి యిష్టము, రెండవ యిష్టము అని వరుసగా గుర్తింతురు. 1969లో వి. వి. గిరిగారును, నీలం సంజీవరెడ్డిగారును పోటీ పడిరి, ఇరువురును తెలుగువారే. మొదటి లెక్కలో ఎవ్వరికిని చాలినన్ని ఓట్లు రానందున రెండవ యిష్టములను లెక్కింపగా గిరిగారు గెలిచిరి. ముగ్గురు అభ్యర్థులతో నీ లెక్కను చీటీలపై చేయించినచో పిల్లలకు సులభముగా బోధపడును. ఓడిన సంజీవరెడ్డిగారు 1977లో పోటీ లేకుండ రాష్ట్రపతియైరని చెప్పినప్పుడు ఆ బాలిక తలయెత్తి చూచెను.

రాజునకును అధ్యక్షునకును గల భేదము మాత్రము దిగిపోవునాడుగాని తెలియలేదు. వాషింగ్టను రెండు పర్యాయములు పాలించి, ఎవ్వరును పొమ్మనకయే 1797లో ఇల్లు చేరెను. రెండుసార్లకు మించి ఎన్నిక కారాదను చట్టము 1951లోగాని రాలేదు. దసరా సెలవుల ముందుదినమున వనపర్తి బాలుడు సుద్దముక్కల పెట్టె తాళపుచెవిని తెచ్చి మా బల్లపై నుంచెను. అది తీసికొనుచుండగానే గద్వాల బాలిక వచ్చి, రాబోవు యెన్నికకు తన పేరు వ్రాసికొమ్మనెను. ఈ మారు నాగర్‌కర్నూలు పిల్లలిద్దరు ఆమె వెంట నుండిరి.