లోతుకొక రంగు

తుపాను హెచ్చరిక వెలువడిన ప్రతిసారీ తీరప్రాంత వాసులమైన మన కళ్ళు ఒకే చిత్రం కోసం వెదకుతాయి. బంగాళాఖాతంపై మేఘాలు సుడి తిరుగుతూ, నడుమ కన్నుతో కనిపించే ఆ ఉపగ్రహ చిత్రం మనకు సుపరిచితం. అటువంటి సుడినే లోహఫలకంపై చెక్కి, కాగితంపై అచ్చువేసిన తెలుగు కళాకారుడొకరు ఉన్నారని మనలో ఎందరికి తెలుసు?

ఆయన కృష్ణారెడ్డి. 1925లో చిత్తూరు జిల్లా నందనూరులో జన్మించారు. శాంతినికేతనంలో చిత్రకళను అభ్యసించి, లండన్ మీదుగా పారిస్ చేరారు. అక్కడ స్టాన్లీ విలియం హేటర్ నడిపిన 'అటెలియే 17' ముద్రణశాలలో కైకో మోతీ ప్రభృతులతో కలిసి రంగుల ముద్రణకు నూతన మార్గం చూపారు.

అంతకుముందు సాధారణంగా ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క ఫలకం కావలసి వచ్చేది. ఈ పద్ధతిలో ఒకే ఫలకం చాలు. శిల్పిగా కూడా శిక్షణ పొందిన కృష్ణారెడ్డి ఫలకాన్ని వేర్వేరు లోతులలో చెక్కేవారు. అవిసెనూనె పాలు మార్చి సిరాల చిక్కదనంలో భేదం కల్పించేవారు. గట్టి రోలరు ఫలకం పైతలాన్ని మాత్రమే తాకుతుంది. మెత్తనిది పల్లాలలోకి దిగుతుంది. పలుచని సిరా పరచుకొన్న చోట చిక్కని సిరా నిలువదు. ఆ విధంగా ప్రతి లోతుకూ తనదైన రంగు అమరుతుంది. 1963 నాటి 'వర్ల్‌పూల్' అనే జలావర్త చిత్రం ఈ సాధనకు ప్రసిద్ధమైన ఫలం.

ఇక మన తుపాను చిత్రాన్ని గమనిద్దాం. తొలి వాతావరణ ఉపగ్రహం టైరాస్-1ను అమెరికా 1960 ఏప్రిల్ 1న ప్రయోగించింది. 2013లో మన దేశం పంపిన ఇన్శాట్-3డి వంటి ఉపగ్రహాలు మేఘాల పైభాగం నుండి వెలువడే పరారుణ కిరణాలను కొలిచి, ఆ కొలతలను అంకెలుగా భూమికి పంపుతాయి. మేఘం ఎంత ఎత్తుకు పెరిగితే దాని శిఖరం అంత చల్లన. ఆ చల్లదనానికే కంప్యూటర్ తెరపై రంగు కేటాయిస్తారు. అక్కడ లోతు రంగైతే, ఇక్కడ ఎత్తు రంగైంది.

ఈ పోలికను ప్రస్తావించడంలో మా ఉద్దేశం వేరొకటి ఉంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన వేల ప్రాణాలను బలిగొన్నది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకేనాటికి, దాని రాక ముందుగానే తెలిసి, తీరగ్రామాల ప్రజలు అనేకులు సురక్షిత స్థానాలకు చేరారు. అందులో డిజిటల్ చిత్రాల పాత్ర గణనీయం. అయితే నిత్యం చూసే చిత్రం పట్ల అలక్ష్యం సహజం. రంగులు చూసి "ఇంకా దూరంగానే ఉందిలే" అని పనిలో పడిపోయేవారు మనలోనూ ఉన్నారు. ఆ రంగు వెనుక కిలోమీటర్ల ఎత్తున పేరుకొన్న మేఘరాశి ఉన్నదని మరచిపోతాం.

కృష్ణారెడ్డి అచ్చుచిత్రం మరపించనిది దానినే. అక్కడ రంగు పైపూత కాదు. లోతు తెలిపే గుర్తు. చూపు తొందరపడితే ఆ సుడి అర్థం కాదు.

1972లో పద్మశ్రీ అందుకొన్న ఆయన, అనంతర కాలంలో న్యూయార్క్‌లో స్థిరపడి, ఎందరికో ఈ విద్యను బోధించి, 2018లో కన్నుమూశారు. మరల తుపాను చిత్రం మన ముందుకు వచ్చినప్పుడు, ఒక్క నిమిషం ఆగి, రంగులోని లోతును చదువుదాం. హెచ్చరికను సకాలంలో పాటిద్దాం, తోటివారిచేత పాటింపజేద్దాం.