రిటైరయ్యాక దొరికిన ఉద్యోగం

1974లో ఎయిర్ కెనడా కోసం తయారైన ఒక లాక్‌హీడ్ ట్రైస్టార్‌కు యాభై ఏళ్లు దాటాయి. ఇప్పటికీ దానికి పని తప్పలేదు. కాకపోతే మనుషుల్ని ఎక్కించుకోవడం మానేసి, పొట్ట కింద 23 టన్నుల రాకెట్ తగిలించుకుని సముద్రం మీదికి వెళ్తుంది. సుమారు 12 కిలోమీటర్ల ఎత్తులో పట్టు వదలగానే రాకెట్ అయిదు సెకన్ల పాటు రాయిలా కిందికి పడుతుంది. అప్పుడు మండి, ఉపగ్రహాన్ని మోసుకుని పైకి దూసుకుపోతుంది. విమానం పేరు స్టార్‌గేజర్, రాకెట్ పేరు పెగాసస్. మొత్తం 250 ట్రైస్టార్లు తయారైతే, ఎగరగల స్థితిలో మిగిలింది ఇదొక్కటే.

లోపల రెండు నడవలుండే ఇలాంటి విమానాలను వైడ్ బాడీ అంటారు. 1970 జనవరిలో పాన్ యామ్ బోయింగ్ 747ను న్యూయార్క్ నుంచి లండన్‌కు నడపడంతో వాటి కాలం మొదలైంది. తర్వాత నాలుగున్నరేళ్లలోనే డీసీ-10, ట్రైస్టార్, ఎయిర్‌బస్ ఏ300 వరసగా వచ్చేశాయి. ఆ తొలి తరంలో అత్యధికం ఎప్పుడో తుక్కయిపోయాయి. మరి కొన్ని మాత్రం ఎలా మిగిలాయి?

విమానం వయసును ఏళ్లతో కొలిస్తే సరిపోదు. పైకి లేచిన ప్రతిసారీ లోపలి గాలి పీడనాన్ని బయటికన్నా ఎక్కువగా ఉంచుతారు. దాంతో దాని ఒళ్లు బూరలా కాస్త ఉబ్బుతుంది, కిందికి దిగాక మామూలవుతుంది. ఇనప తీగను అటూ ఇటూ వంచుతూ పోతే చివరికి పుటుక్కుమన్నట్టే, వేలసార్లు ఉబ్బి తగ్గిన లోహంలో సన్నటి పగుళ్లు పుడతాయి. అందుకే రోజుకు ఆరుసార్లు ఎగిరి దిగే చిన్న విమానం కన్నా, ఒక్కసారి లేచి సముద్రం దాటే పెద్ద విమానం నెమ్మదిగా ముసలిదవుతుంది. ఎప్పుడో ఒకసారి రాకెట్ మోసే స్టార్‌గేజర్ సంగతి చెప్పనే అక్కర్లేదు.

నిజానికి చాలా విమానాలను మూలన పడేసింది పగుళ్లు కాదు, ఖర్చు. కొన్నేళ్లకోసారి సీట్లు, లోపలి గోడలు, మరుగుదొడ్లతో సహా ఊడదీసి చేసే తనిఖీకి వారాలు పడతాయి, డబ్బు నీళ్లలా పోతుంది. రెండు ఇంజన్లతో సరిపోయే చోట మూడు, నాలుగు ఇంజన్లకు ఇంధనం పోయాలి. ఇద్దరు పైలట్లకు తోడు ఫ్లైట్ ఇంజనీరుకూ జీతం ఇవ్వాలి. టికెట్లమ్ముకుని బతికే సంస్థకు అది గిట్టుబాటు కాదు. మరొకటి చేయలేని పని చేతిలో ఉన్న విమానానికి మాత్రం ఆ లెక్క వర్తించదు.

అమెరికా వైమానిక దళం దగ్గరున్న నాలుగు ఈ-4బీలే చూడండి. 1970ల నాటి ఈ 747లు అణుయుద్ధం వస్తే ఆకాశం నుంచే సైన్యాన్ని నడిపించడానికి సిద్ధంగా ఉంచినవి. గాల్లోనే ఇంధనం నింపుకోగలవు. వీటి బదులు కొత్తవి సిద్ధం చేయడానికి 2024లో సియెర్రా నెవాడా సంస్థకు 13 బిలియన్ డాలర్ల కాంట్రాక్టు ఇచ్చారు. అవి చేతికొచ్చేదాకా ముసలివాటికి సెలవు లేదు.

ఆర్బిస్ సంస్థ కంటి ఆసుపత్రి కథ ఇంకా ముచ్చటైనది. 1973 నాటి డీసీ-10ను ఫెడెక్స్ ఆధునికీకరించి సరుకులకు వాడుకుని, తర్వాత దానంగా ఇచ్చింది. అందులో ఆపరేషన్ థియేటర్ కట్టారు. 2016 నుంచి అది దేశదేశాలు తిరిగి, అక్కడి వైద్యులకు శిక్షణనిస్తూ వచ్చింది. అదే జాతి విమానాలు కొన్ని అమెరికాలో అడవి మంటల మీద ఒక్క విడతలో 35 వేల లీటర్ల మంటలార్పే ద్రవం కుమ్మరించే ట్యాంకర్లయ్యాయి. అయితే 2025 నవంబరులో లూయీవిల్‌లో ఒక ఎండీ-11 ఎడమ ఇంజను ఊడి కూలిపోవడంతో, దాని పూర్వీకులైన డీసీ-10లను కూడా తనిఖీ అయ్యేదాకా నేలమీదే ఉంచాలని అమెరికా అధికారులు ఆదేశించారు.

ఇరాన్‌ది వేరే దారి. ఆంక్షల వల్ల కొత్త విమానాలు దొరక్క, ఏ300ల వంటి పాతవాటినే ప్రయాణికులకు నడుపుతూ వచ్చింది. అక్కడ ముసలి విమానం ముచ్చట కాదు, గతిలేనితనం.

ఏ300 అంటే తెలుగువాళ్లకు గుర్తుండాల్సిన తేదీ ఒకటుంది. 1993 నవంబరు 15న మద్రాసు నుంచి హైదరాబాద్ వచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఏ300, సరిగా కనిపించక దిగలేకపోయింది. రెక్కల వెనకుండే ఫ్లాప్‌లు మళ్లీ లోపలికి ముడుచుకోక గాలికి అడ్డుపడటంతో, వెనక్కి వెళ్లే దారిలో ఇంధనం అయిపోయి తిరుపతి దగ్గర పొలంలో దిగింది. చిరంజీవి, బాలకృష్ణ సహా లోపలున్న వాళ్లంతా బతికారు. విమానం మాత్రం మళ్లీ ఎగరలేదు.

టికెట్ కొనుక్కుని పాత వైడ్ బాడీ ఎక్కాలనుకునేవారికి ఇప్పుడు దగ్గరి దారి అమెరికాలో ఉంది. యునైటెడ్, డెల్టా సంస్థల బోయింగ్ 767లలో కొన్ని 1990ల మొదట్లో వచ్చినవి. అక్కడి తెలుగువాళ్లలో ఎందరో తమకన్నా వయసులో పెద్ద విమానంలో, ఆ సంగతి తెలియకుండానే అట్లాంటిక్ దాటి ఉంటారు. తోక దగ్గర ఎన్ అక్షరంతో మొదలయ్యే నంబరు రాసి ఉంటుంది. గేటు దగ్గర కూర్చుని దాన్ని ఫోన్లో కొడితే విమానం పుట్టిన సంవత్సరం చెప్పేస్తుంది.