ఏ పనికి ఏ సర్వర్? క్లౌడ్ ఎంపికలో అపోహలు – వాస్తవాలు

2006 ఆగస్టులో అమెజాన్ ఈసీ2 పేరుతో సర్వర్లను గంటల లెక్కన అద్దెకివ్వడం మొదలుపెట్టినప్పుడు దొరికింది ఒకే ఒక్క రకం. ఎంచుకునే పనే లేదు. ఇప్పుడు ఆ జాబితాలో వందల రకాలున్నాయి. మైక్రోసాఫ్ట్ అజ్యూర్‌లోనూ, గూగుల్ క్లౌడ్‌లోనూ అదే పరిస్థితి. మన ఊళ్లలోని చిన్న కంపెనీలు, కాలేజీలు, వార్తా సైట్లు కూడా ఇవే వాడుతున్నాయి. 2022 నవంబరు నుంచి అమెజాన్‌కు హైదరాబాద్‌లోనే ఒక రీజియన్ (డేటా సెంటర్ల సముదాయం) ఉంది. అయినా చాలామంది ధర తక్కువున్నదో, తెలిసినవాళ్లు వాడుతున్నదో తీసేసుకుంటారు. తర్వాత నెలనెలా అనవసరపు బిల్లు కడతారు, లేదా సరిగ్గా జనం వచ్చిన రోజే సైట్ పడిపోతుంది.

ముందుగా వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే. మన పనికి ఏది ముందు కరువవుతుంది: ప్రాసెసరా, మెమరీనా, డిస్కా, నెట్‌వర్కా? ఈ ప్రశ్న దాటేసినచోటే కింది అపోహల్లో చాలావరకు పుట్టాయి. అంకెలన్నీ బహిరంగంగా ఉన్నాయి కాబట్టి ఉదాహరణలు ఎక్కువగా అమెజాన్‌వే తీసుకున్నాను. ధరలు వర్జీనియా రీజియన్‌లో లైనక్స్ సర్వర్‌కు గంటకు పడేవి.

అపోహ: మాది చిన్న సైట్, అన్నిటికంటే చవకైన సర్వర్ చాలు.

చవకైనవన్నీ దాదాపు ‘టీ’ కుటుంబానివి. టీ3 మైక్రోలో 2 వీసీపీయూలు (వర్చువల్ ప్రాసెసర్లు), 1 జీబీ మెమరీ, గంటకు 1.04 సెంట్లు. 2 వీసీపీయూలన్న మాట నిజమే గానీ, నిలకడగా వాడుకోనిచ్చేది ఒక్కోదాంట్లో 10 శాతమే. మిగతాదంతా క్రెడిట్ల లెక్క. ఒక వీసీపీయూను ఒక నిమిషం పూర్తిగా వాడితే ఒక క్రెడిట్ ఖర్చవుతుంది. టీ3 మైక్రోకు గంటకు 12 క్రెడిట్లు జమవుతాయి, 288కి మించి నిల్వ ఉండవు. రాత్రంతా సన్నటి కుళాయి ధారతో నిండిన మేడ మీది ట్యాంకు లాంటిదిది. పొద్దున ఇంటిల్లిపాది స్నానాలకు సరిపోతుంది, పెళ్లివారు దిగితే సరిపోదు.

నిల్వ నిండుగా ఉన్నా సరే, రెండు వీసీపీయూలూ పూర్తిగా పనిచేస్తే గంటకు 120 క్రెడిట్లు ఖర్చు, 12 జమ. 2 గంటల 40 నిమిషాల్లో ఖాళీ. ఆ తర్వాత స్టాండర్డ్ మోడ్‌లో ఉన్న సర్వర్ వేగం 10 శాతానికి పడిపోతుంది. అన్‌లిమిటెడ్ మోడ్‌లో అయితే (మనం మార్చకపోతే టీ3కి ఉండేది ఇదే) వేగం తగ్గదు, కానీ అదనపు వాడకానికి వీసీపీయూ గంటకు 5 సెంట్లు పడుతుంది. రోజుల తరబడి పూర్తి వేగంతో నడిపితే గంటకు 9 సెంట్ల అదనంతో మొత్తం 10 సెంట్లు దాటుతుంది. 8 జీబీ మెమరీ ఉన్న ఎం5 లార్జ్ ధర 9.6 సెంట్లు! అంటే చవకని తీసుకున్న సర్వర్‌కు ఎనిమిదో వంతు మెమరీతో అంతకంటే ఎక్కువ కడుతున్నామన్నమాట.

స్టాండర్డ్ మోడ్‌లో క్రెడిట్లు అయిపోవడాన్ని పట్టుకోవడం తేలిక. సర్వర్‌లో టాప్ కమాండ్ కొట్టి, సీపీయూ వరుసలో చివరనున్న ‘ఎస్‌టీ’ అంకె చూడండి. సైట్ నత్తనడక నడుస్తూ, ఆ అంకె 60, 70 దగ్గర తిరుగుతోందంటే తప్పు మీ కోడ్‌ది కాకపోవచ్చు; మీరు అడిగిన సీపీయూ మీకు అందడం లేదు. అమెజాన్ పర్యవేక్షణ సాధనం క్లౌడ్‌వాచ్‌లో క్రెడిట్ బ్యాలెన్స్ గ్రాఫ్ కూడా సున్నాకు అంటుకుని ఉంటుంది.

‘టీ’ కుటుంబం చెడ్డదని కాదు. టెస్టింగ్‌కు, ఆఫీసులో పదిమంది వాడే అప్లికేషన్‌కు, అప్పుడప్పుడూ జనం వచ్చే సైట్‌కు అంతకంటే మంచిది లేదు. ఇంటర్, పదో తరగతి ఫలితాల రోజు లాంటి తాకిడికి మాత్రం పనికిరాదు. ఆమాటకొస్తే ఆ రోజుకు పెద్ద సర్వర్ కూడా సరైన మందు కాదు. ఒకసారి విడుదలయ్యాక ఆ రోజంతా మారని మార్కులను ప్రతి పిల్లవాడికీ డేటాబేస్ నుంచి వెతికి ఇవ్వడం ఎందుకు? హాల్ టికెట్ నంబరుకో ఫైలు చొప్పున ముందే తయారుచేసి సీడీఎన్‌లో పెడితే సర్వర్ మీద దాదాపు భారమే పడదు.

అపోహ: సర్వర్ నెమ్మదిస్తే పై సైజుకు వెళ్లాలి.

సైజు పెంచితే సాధారణంగా ప్రాసెసర్, మెమరీ రెండూ రెట్టింపవుతాయి, ధర కూడా. కరువైంది ఒకటే అయితే రెండోదానికి కట్టిన డబ్బు వృథా. అందుకే కుటుంబాలున్నాయి. ఒక వీసీపీయూకు ‘సీ’లో 2 జీబీ, ‘ఎం’లో 4, ‘ఆర్’లో 8 జీబీ మెమరీ వస్తుంది. లార్జ్ సైజులో మూడింటికీ 2 వీసీపీయూలే, సీ5కి 8.5 సెంట్లు, ఎం5కి 9.6, ఆర్5కి 12.6. ఎం5 లార్జ్ మీదున్న డేటాబేస్‌కు మెమరీ చాలడం లేదని ఎం5 ఎక్స్‌లార్జ్‌కు వెళ్తే 16 జీబీకి 19.2 సెంట్లు కట్టాలి. అదే 16 జీబీ ఆర్5 లార్జ్‌లో 12.6 సెంట్లకే వస్తుంది. వీడియోల ఫార్మాట్ మార్చడం, బరువైన లెక్కలు ‘సీ’ పని. డేటాబేస్, రెడిస్ లాంటివి ‘ఆర్’ పని. అజ్యూర్‌లో ఇవే ఎఫ్, డీ, ఈ సిరీస్‌లు. గూగుల్‌లో హైసీపీయూ, స్టాండర్డ్, హైమెమ్.

మెమరీ కొన్నంత మాత్రాన డేటాబేస్ దాన్ని వాడుకుంటుందనీ అనుకోవద్దు. మైఎస్‌క్యూఎల్‌లో ఇన్నోడీబీ బఫర్ పూల్ (డేటాను మెమరీలో ఉంచుకునే చోటు) మనం మార్చకపోతే 128 ఎంబీ దగ్గరే ఉంటుంది. 16 జీబీ సర్వర్‌కు మారి, ఆ ఒక్క సెట్టింగ్ అలాగే వదిలేస్తే కట్టిన డబ్బులో ఎక్కువ భాగం నిద్రపోతున్నట్టే. డేటాబేస్ ఒక్కటే నడిచే సర్వర్‌లో మెమరీలో 80 శాతం దాకా దానికి కేటాయించవచ్చని మైఎస్‌క్యూఎల్ మాన్యువలే చెబుతుంది. ఇంకో సంగతి. క్లౌడ్‌వాచ్ తనంతట తాను సర్వర్ లోపలి మెమరీ వాడకాన్ని చూడలేదు, దానికి విడిగా ఏజెంట్ పెట్టుకోవాలి. సీపీయూ గ్రాఫ్ 15 శాతం దగ్గరుందని సర్వర్ ఖాళీగా ఉందనుకునేవాళ్లు ఇక్కడే పొరబడతారు.

అపోహ: 2 వీసీపీయూలంటే ఏ సర్వర్‌లోనైనా ఒకటే.

ఎం5 లార్జ్‌లోని 2 వీసీపీయూలు ఒకే ఇంటెల్ కోర్‌లోని రెండు థ్రెడ్లు. అమెజాన్ సొంత గ్రావిటాన్ చిప్‌లున్న ఎం6జీ లార్జ్‌లో అవి రెండు పూర్తి కోర్లు. మెమరీ అదే 8 జీబీ, ధర 7.7 సెంట్లు. పేరులో తరం అంకె తర్వాత ‘జీ’ ఉంటే గ్రావిటాన్, ‘ఏ’ ఉంటే ఏఎండీ, ‘ఐ’ ఉంటే ఇంటెల్ అని గుర్తు.

అయితే గ్రావిటాన్ ఏఆర్ఎమ్ చిప్. పైథాన్, జావా, నోడ్, పీహెచ్‌పీ దాని మీద చక్కగా నడుస్తాయి. ఇంటెల్ ల్యాప్‌టాప్‌లో తయారుచేసిన డాకర్ ఇమేజ్‌ను తెచ్చి నడిపితే మాత్రం ‘ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్’ అన్న ఒక్క లైను కొట్టి కంటైనర్ ఆగిపోతుంది. ఇమేజ్‌ను ఏఆర్ఎమ్‌కు కూడా బిల్డ్ చేసుకోవాలి. ఏఆర్ఎమ్ వెర్షన్ ఇవ్వని కంపెనీల సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడితే అటు వెళ్లకపోవడమే మేలు.

అపోహ: వేగమైన డిస్క్ పెడితే డేటాబేస్ పరుగెడుతుంది.

డిస్క్‌కూ సర్వర్‌కూ మధ్య ఉన్న దారి వెడల్పు కూడా చూడాలి. అమెజాన్ జీపీ3 రకం డిస్క్ ఎంత చిన్నదైనా సెకనుకు 125 ఎంబీ ఇస్తుంది. ఎం5 లార్జ్ మాత్రం డిస్క్ నుంచి నిలకడగా తీసుకోగలిగేది సెకనుకు 81 ఎంబీ. కాసేపు అంతకు మించి వెళ్లగలదు గానీ రోజంతా కాదు. అలాంటి సర్వర్‌కు డబ్బు పోసి డిస్క్ వేగం పెంచితే నిలకడైన పనికి ఒరిగేదేమీ లేదు. నెట్‌వర్క్ దగ్గరా ఇదే కథ. ఎం5 లార్జ్ పక్కన ‘10 గిగాబిట్ల వరకు’ అని రాసి ఉంటుంది. ఆ ‘వరకు’ను పట్టించుకోవాలి, నిలకడగా వచ్చేది 0.75 గిగాబిట్లే.

అపోహ: చాట్‌బాట్ పెట్టాలంటే జీపీయూ సర్వర్ తప్పదు.

వేరే కంపెనీ మోడల్‌ను ఏపీఐ ద్వారా వాడుకుంటుంటే లెక్కలన్నీ వాళ్ల దగ్గరే జరుగుతాయి. మీ సర్వర్ ప్రశ్న పంపి జవాబు కోసం ఎదురుచూస్తుంది, అంతే. అందుకు టీ3 కూడా చాలు. పెద్ద మోడల్‌ను మీరే నడిపినా, శిక్షణ ఇచ్చినా అప్పుడు ‘జీ’, ‘పీ’ కుటుంబాల వైపు చూడండి. అన్ని రకాలూ అన్ని రీజియన్లలో దొరకవు కాబట్టి హైదరాబాద్‌లో ఉన్నాయో లేదో ముందే చూసుకోండి.

అపోహ: స్పాట్ సర్వర్లను నమ్మలేం.

అమెజాన్ వీటిని 90 శాతం దాకా తగ్గింపుతో ఇచ్చి, తనకు అవసరమైతే 2 నిమిషాల ముందు చెప్పి వెనక్కి తీసుకుంటుంది. వాటి మీద మీ ఏకైక డేటాబేస్ పెడితే కొంప మునుగుతుంది. ఆగినచోటి నుంచి మళ్లీ మొదలుపెట్టగలిగే పనులకు, ఉదాహరణకు రాత్రిపూట వేల ఫొటోల సైజు తగ్గించడానికి, స్పాట్‌ను వాడకపోవడమే నష్టం.

అపోహ: సర్వర్ ఆపేస్తే బిల్లు ఆగిపోతుంది.

సర్వర్ అద్దె ఆగుతుంది. దానికున్న డిస్క్ అద్దె, విడిగా ఉంచుకున్న ఎలాస్టిక్ ఐపీ (మారని పబ్లిక్ ఐపీ) ఛార్జీ నడుస్తూనే ఉంటాయి. అజ్యూర్‌లో మరీ జాగ్రత్త: విండోస్‌లోకి వెళ్లి షట్‌డౌన్ కొడితే సర్వర్ అద్దె కూడా ఆగదు. పోర్టల్‌లో ‘డీఅలోకేటెడ్’ అని కనిపించేలా ఆపాలి.

అపోహ: ఒకసారి తీసుకున్న రకాన్ని మార్చలేం.

ఆపి, రకం మార్చి, మళ్లీ మొదలుపెట్టడానికి పట్టేది నిమిషాలే. అయితే మూడు చూసుకోవాలి. పేరులో ‘డీ’ ఉన్న రకాల్లో సర్వర్‌కే అంటుకున్న డిస్క్ ఉంటుంది, ఆపితే అందులోని డేటా పోతుంది. ఎలాస్టిక్ ఐపీ లేకపోతే పబ్లిక్ ఐపీ మారుతుంది. ఇంటెల్ నుంచి గ్రావిటాన్‌కు ఇలా నేరుగా మారలేం, కొత్త సర్వర్ కట్టుకోవాలి.

అందుకని ఏదీ తెలియనప్పుడు ‘ఎం’ కుటుంబంలో చిన్నదానితో మొదలుపెట్టి, రెండు మూడు వారాలు సీపీయూ, మెమరీ, డిస్క్ అంకెలు గమనించి, అప్పుడు కుటుంబం ఖాయం చేసుకోమని నా సలహా. 1 లేదా 3 ఏళ్ల సేవింగ్స్ ప్లాన్ మీద సంతకం ఆ తర్వాతే. అందులోనూ ఒకే కుటుంబానికి, ఒకే రీజియన్‌కు కట్టుబడే ప్లాన్‌లో తగ్గింపు 72 శాతం దాకా ఉంటే, కంప్యూట్ ప్లాన్‌లో 66 శాతం దాకా ఉంటుంది. కానీ ఈ రెండోది రేపు మీరు ‘ఎం’ నుంచి ‘ఆర్’కు మారినా, ముంబయి నుంచి హైదరాబాద్‌కు వచ్చినా వర్తిస్తుంది.