తండ్రి సజ్జాలో, పరీక్ష హైదరాబాదులో

షార్జా ఊరు దాటి ధైద్ రోడ్డు పట్టుకుని వెళితే సజ్జా వస్తుంది. ఫ్యాక్టరీలు, గోదాములు, లేబర్ క్యాంపులు. కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి వచ్చినవాళ్ళు ఇలాంటి క్యాంపుల్లో తగలడం వింతేమీ కాదు. అక్కడ పనిచేసే ఒకాయన ఉన్నాడనుకుందాం. భార్యాబిడ్డలు ఊళ్ళో ఉన్నారు. కొడుక్కి మూడేళ్ళు నిండినా మాటలు రాలేదు, నడక ఆలస్యం, అప్పుడప్పుడు మూర్ఛ. హైదరాబాదులో జన్యువైద్యుల దగ్గరికి తీసుకెళితే ఆ తల్లిని అడిగే మొదటి ప్రశ్న, “మీది మేనరికమా అమ్మా?” అని. ఆ తరువాత, “బాబు వాళ్ళ నాన్న ఎప్పుడొస్తాడు?” అని.

మొదటి ప్రశ్న ఎందుకో మనలో చాలామందికి తెలుసు. రెండోది ఎందుకో తెలిస్తే, పిల్లల మెదడు ఎదుగుదల లోపాల మీద పనిచేసే కుర్ర శాస్త్రవేత్తకి అసలు ఏం నేర్పాలో కొంత అర్థమవుతుంది.

మన భాషలో చెప్పుకుందాం. పిల్లవాడి జన్యువుల్లో ప్రోటీన్లకు సంబంధించిన భాగాన్ని చదివి, ప్రామాణిక పాఠంతో “డిఫ్” చేస్తే ఇరవై వేల పైచిలుకు తేడాలు వస్తాయి. దాదాపు అన్నీ నిరపాయమైనవే. జనాభాలో మామూలుగా కనిపించేవాటిని గ్రెప్ చేసి తీసేస్తే కొన్ని వందలు మిగులుతాయి. ఇక్కడి నుంచి తల్లిదండ్రుల నమూనాలు కావాలి. ఇద్దరిలోనూ లేకుండా బిడ్డలో కొత్తగా పుట్టిన తేడాలు ఈ భాగంలో ఒకటో రెండో ఉంటాయి. ఇద్దరూ చెరొక లోపపు ప్రతి ఇస్తే వచ్చే జబ్బులు వేరే రకం. తండ్రి నమూనా లేకపోతే ఈ రెండింటినీ నమ్మకంగా విడదీయలేం.

మేనరికం అనగానే అనుభవం లేనివాడి బుర్ర రెండో రకం వైపే పరిగెడుతుంది. కారణం లేకపోలేదు. మేనత్త మేనమామ బిడ్డలు పెళ్ళి చేసుకుంటే పుట్టే సంతానంలో సగటున పదహారో వంతు జన్యుభాగం రెండు ప్రతుల్లోనూ ఒకేలా ఉంటుంది. మేనమామనే చేసుకుంటే ఎనిమిదో వంతు. ఆ ఒకేలా ఉన్న భాగాల్లోనే వెతికితే జబ్బు జన్యువు దొరుకుతుందని లాండర్, బోట్‌స్టైన్ 1987లో సూచించారు. పుట్టుకతోనే తల చిన్నదిగా ఉండే జబ్బుకు ఏఎస్‌పీఎం అనే జన్యువు కారణమని 2002లో పాకిస్తానీ కుటుంబాల సాయంతో తేలింది. 2008లో బోస్టన్‌లోని క్రిస్టఫర్ వాల్ష్ బృందం గల్ఫ్, టర్కీ, పాకిస్తాన్ కుటుంబాల్లో ఆటిజం జన్యువులను ఇలాగే వెతికింది. (అన్నట్టు, మేనరికపు పిల్లల్లో అత్యధికులు ఆరోగ్యంగానే పుడతారు. పుట్టుకతో వచ్చే లోపాల అవకాశం నూటికి రెండు మూడు నుంచి నాలుగు ఆరుకు పెరుగుతుంది, అంతే. ఆ తల్లిని అత్తవారింట్లో దోషిగా నిలబెట్టేవాళ్ళు ఈ అంకె చూడాలి.)

కానీ మేనరికపు బిడ్డకి కొత్తగా పుట్టే తేడా రాకూడదని ఎక్కడా లేదు. తల్లి అడిగేది జన్యువు పేరు కాదు, “మళ్ళీ బిడ్డను కనవచ్చా?” అని. ఇద్దరి నుంచీ వచ్చిన జబ్బయితే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. కొత్తగా పుట్టిన తేడా అయితే దాదాపు నూటికి ఒకటి. చీటీ తప్పు రాస్తే ఒక కుటుంబం భయంతో పిల్లల్ని కనడం మానేస్తుంది, లేదా తెలియక ఇంకోసారి అదే కష్టంలో పడుతుంది.

ఇంకో చిక్కు డేటాబేసులది. అవి చాలాకాలం ఎక్కువగా యూరపు సంతతి వాళ్ళ జన్యువులతో నిండి ఉన్నాయి. అక్కడ అరుదైనది మన దగ్గర అరుదు కాకపోవచ్చు. ఆర్యవైశ్యుల్లో మత్తుమందు సమయంలో వాడే ఒక మందును విరగ్గొట్టే ఎంజైము లోపం మిగతావాళ్ళ కంటే ఎంతో ఎక్కువ. మెదడు జబ్బు కాకపోయినా పాఠం అదే, “మేనరికం కాదండీ” అన్న జవాబుతో వంశవృక్షం ముగియదు. అమ్మమ్మని పక్కన కూర్చోబెట్టుకుని, ఏ ఊరు, ఎవరి బిడ్డ అని గంటసేపు అడగాలి. ఈ లోటు తీర్చడానికే 2003లో దుబాయిలో అరబ్ జన్యు అధ్యయన కేంద్రం పుట్టింది. మన దేశంలో జీనోమ్ ఇండియా పదివేల మంది సమాచారం 2025 జనవరిలో విడుదలైంది.

ప్రోగ్రాము రాయడం ఇందులో సులువైన పని (మనకి కాస్త చిన్నతనంగా అనిపించినా సరే). వైద్యుడి గది, ప్రయోగశాల, కంప్యూటరు, ఈ మూడింట్లోనూ కాలు పెట్టగల మనిషి కావాలి. యంత్రం కొన్ని వారాల్లో జన్యువులు చదివేస్తుంది, ఆ మనిషి తయారవడానికి ఏళ్ళు పడుతుంది. అవసరం చిన్నది కాదు. హైదరాబాదుతో సహా దేశంలో అయిదు చోట్ల జరిగిన సర్వే 2018లో అచ్చయింది. రెండు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లల్లో దాదాపు ఎనిమిది మందిలో ఒకరికి, చూపు వినికిడి లోపాలతో కలిపి, ఏదో ఒక ఎదుగుదల లోపం ఉందని అందులో తేలింది.

హైదరాబాదు కేంద్రంగా ఉన్న ఇండియా అలయెన్స్, భారత ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగం, బ్రిటన్‌లోని వెల్‌కమ్ కలిసి 2008-09లో మొదలుపెట్టినది. కుర్ర శాస్త్రవేత్తలకి అయిదేళ్ళ ఫెలోషిప్పులిచ్చి, సొంత ప్రశ్న పట్టుకోనిచ్చింది. 2025 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం మూడో దశకు ఒప్పుకుంది. 2019లో మొదలైన “ఉమ్మీద్” పథకం ప్రభుత్వాసుపత్రుల డాక్టర్లకి జన్యువైద్యంలో తర్ఫీదు ఇప్పించింది. దాని కింద వచ్చిన కేంద్రాల్లో నిమ్స్ ఒకటి. నా దృష్టిలో రెండోది తక్కువ పేరొచ్చిన, ఎక్కువ అవసరమైన పని. జిల్లాలో పిల్లవాడిని మొదట చూసే డాక్టరుకు అనుమానం రాకపోతే, హైదరాబాదులో ఎంత గొప్ప శాస్త్రవేత్త ఉండి ఏం లాభం? అయితే అయిదేళ్ళు కూడా పొడవైన కాలమేమీ కాదు. మూడేళ్ళప్పుడు నమూనా ఇచ్చిన పిల్లవాడికి ఎనిమిదేళ్ళు వచ్చేసరికి, అతన్ని ఎరిగిన పరిశోధకుడు ఉద్యోగం వెతుక్కుంటూ ఉంటాడు.

మన సజ్జా తండ్రి రక్తమే ఇవ్వనక్కర్లేదు, ఉమ్మి నుంచి కూడా డీఎన్ఏ తీయవచ్చు. కానీ దాన్ని దేశం దాటించడానికి కాగితాలు, అనుమతులు, కొరియరు నిబంధనలు ఉన్నాయి. అందుకని, బాగా తర్ఫీదైన పరిశోధకుడు మొదటి రోజునే వంశవృక్షంలో తండ్రి గుర్తు పక్కన ఒక తేదీ రాసుకుంటాడు. ఆయన సెలవు మీద ఊరొచ్చే నెల అది.