గోడకు పట్టిన బూజు: తుడిచే ముందు, తుడిచిన తర్వాత

ధనుర్మాసం వచ్చేసరికి ఇక్కడ బ్రిటన్‌లో నిండు చలికాలం. కిటికీలన్నీ మూసి, హీటింగ్ వేసుకుని, తెల్లవారుజామునే తలస్నానాలు, పొంగలి, పులిహోర. సంక్రాంతి వెళ్లేసరికి చాలా ఇళ్లలో బాత్రూమ్ పైకప్పు మీద, కిటికీ అంచుల్లో, పడకగది మూలల్లో నల్లటి చుక్కలు కనిపిస్తాయి. ఇది చీపురుతో దులిపితే పోయే సాలీడు బూజు కాదు, ఊరగాయ మీద పట్టే బూజు లాంటిది. ఇంగ్లీషులో మోల్డ్ అనీ, మిల్‌డ్యూ అనీ అంటారు.

ఊరగాయ జాడీలో తడి గరిటె పెడితే మన పెద్దవాళ్లు ఊరుకోరు. ఎందుకంటే బూజు రేణువులు గాలిలో ఎప్పుడూ ఉంటాయి. అవి మొలవడానికి కావలసింది తడి ఒక్కటే. గోడ సంగతీ అంతే. ఏ మందు వేసి తుడిచినా తడి పోకపోతే కొద్ది వారాల్లో అక్కడే మళ్లీ వస్తుంది.

నేను చేసిన పొరపాటు

పోయిన చలికాలంలో మా బాత్రూమ్ గోడకు బూజు మందు కొట్టాను. మరక పూర్తిగా పోలేదు. పక్కనే పంపుల మీది తెల్లటి పొర తీసే మందు ఉంటే, దాన్నీ అదే చోట కొట్టాను. నిమిషంలో కళ్లు మండి, దగ్గు ఆగలేదు. బయటికి పరుగెత్తి, కిటికీలు తెరిచి కూర్చున్నాక గానీ ఊపిరి కుదుటపడలేదు.

జరిగింది ఇది. దుకాణాల్లో దొరికే చాలా బూజు స్ప్రేలలో ఉండేది బ్లీచే. సీసా మీద సోడియం హైపోక్లోరైట్ అని రాసి ఉంటే అది బ్లీచ్ అని గుర్తు. దానికి పులుపు, అంటే వెనిగర్, నిమ్మరసం, పొర తీసే మందు, కొన్ని టాయిలెట్ మందులు తగిలితే క్లోరిన్ వాయువు పుడుతుంది. అమోనియా ఉన్న గాజు తుడిచే ద్రవాలు కలిస్తే క్లోరమైన్ వాయువులు వస్తాయి. రెండూ ఊపిరితిత్తులకు హాని చేస్తాయి. అందుకే బ్లీచ్‌లో చన్నీళ్లు తప్ప ఇంకేదీ కలపకండి. ఒక మందు వాడిన చోటే అదే రోజు ఇంకో మందు వాడకండి. పొరపాటున కలిస్తే తుడుస్తూ కూర్చోకుండా వెంటనే బయటికి వెళ్లండి. దగ్గు తగ్గకపోతే 111కు, ఊపిరి ఆడకపోతే 999కు ఫోన్ చేయండి. గుడి వంటశాలలో సేవ చేసేవారు కూడా దయచేసి ఈ మాట గుర్తుంచుకోండి. అక్కడ ఒకరు వేసిన మందు మీద తెలియక ఇంకొకరు మరొకటి వేసే అవకాశం ఎక్కువ.

ఏది ఎక్కడ వాడాలి

గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన గోరువెచ్చని నీళ్లు: రంగు వేసిన గోడలకు, కిటికీ చట్రాలకు ముందు ఇదే వాడండి. కొత్తగా పట్టిన బూజుకు చాలాసార్లు ఇది సరిపోతుంది.

తెల్ల వెనిగర్: టైల్స్, గాజు, ప్లాస్టిక్ మీద వేసి, గంటసేపు ఉంచి తుడవవచ్చు. పాలరాయి మీద మాత్రం వద్దు. పులుపు పాలరాయిని తినేస్తుంది. పాలరాతి మందిరం, విగ్రహాలు ఉన్నవారు జాగ్రత్త. వెనిగర్‌లో వంటసోడా కలిపితే బాగా పొంగుతుంది గానీ, రెండూ ఒకదాన్నొకటి విరిచేసుకుంటాయి. మిగిలేది దాదాపు ఉప్పునీళ్లే.

బ్లీచ్: టైల్స్, స్నానపు తొట్టి వంటి నీరు పీల్చని వాటికి. 1 పాలు బ్లీచ్‌కు 16 పాళ్ల నీళ్లు చాలు. ప్లాస్టర్ గోడ, చెక్క నీటిని పీల్చుకుంటాయి. వాటి మీద బ్లీచ్ పైమరకను తెల్లగా చేస్తుంది, లోపలి బూజు అలాగే ఉండిపోతుంది.

పట్టుచీరలకు, ఉన్ని శాలువాలకు బ్లీచ్ అసలు తగలకూడదు. అది పట్టు దారాన్నే కరిగించేస్తుంది. బీరువాలో చీరకు బూజు వాసన వస్తే, ఎండ ఉన్న రోజు ఆరుబయట మెత్తటి బ్రష్‌తో దులిపి, నీడలో గాలికి ఆరేసి, తర్వాత డ్రై క్లీనింగ్‌కు ఇవ్వండి. ఇత్తడి, వెండి పూజ సామాను దగ్గర కూడా బ్లీచ్ వాడకండి.

తుడిచే పద్ధతి

చేతులకు పొడవాటి రబ్బరు గ్లౌజులు, కళ్లకు అద్దాలు, ముక్కుకు మాస్కు పెట్టుకోండి. కిటికీ తెరిచి, గది తలుపు మూయండి. రేణువులు మిగతా ఇంట్లోకి పోకూడదు. పొడి బ్రష్‌తో గీకవద్దు, తడిగుడ్డతోనే తుడవండి. తర్వాత పొడిగుడ్డతో తడి లేకుండా ఒత్తండి. ఆ గుడ్డలను ప్లాస్టిక్ సంచిలో కట్టి పారేయండి. బూజు మీద నేరుగా రంగు వేస్తే అది రంగును ఊడదీసుకుని బయటికి వస్తుంది. ముందు కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి.

1 చదరపు మీటరు కంటే ఎక్కువ మేర పట్టినా, మురుగునీటి వల్ల పట్టినా సొంతంగా చేయవద్దు, ఆ పని తెలిసినవారిని పిలవండి. ఆస్తమా, అలర్జీ ఉన్నవారు, పసిపిల్లలు, పెద్దవయసువారు తుడిచేటప్పుడు ఆ గదిలో ఉండకూడదు.

తడి ఎక్కడి నుంచి వస్తోంది

మన ఇళ్లలో ఆవిరి కాస్త ఎక్కువే. కుక్కర్ కూతలు, ఇడ్లీ పాత్ర, మరిగే చారు, అన్నీ గాలిలోకి నీటిని పంపుతాయి. ఆ ఆవిరి చల్లటి బయటి గోడను తాకి నీరవుతుంది. ఒక వాయి బట్టలు ఇంట్లో ఆరేస్తే సుమారు 2 లీటర్ల నీరు గాలిలో కలుస్తుంది.

వండేటప్పుడు మూతలు పెట్టి, వంటగది తలుపు మూసి, ఫ్యాన్ వేయండి. స్నానం అయ్యాక ఫ్యాన్‌ను ఇంకో 20 నిమిషాలు నడవనివ్వండి. బట్టలు ఒకే గదిలో, కిటికీ కొద్దిగా తెరిచి ఆరేయండి. ఉదయాన్నే కిటికీ అద్దాల మీది నీటిని గుడ్డతో తుడవండి. బీరువాలు, మంచాలు, పూజా మందిరం బయటి గోడకు ఆనించకుండా బెత్తెడు దూరం ఉంచండి. మందిరం వెనక దీపం వెలుతురు పడదు, మనం చూడం, బూజు నిశ్చింతగా పెరుగుతుంది. కలశం నీళ్లు, అభిషేకపు తడి, వాడిన పూలు అదే రోజు తీసేయండి. ఖర్చు ఎక్కువని హీటింగ్ పూర్తిగా ఆపేస్తే గోడలు చల్లబడి బూజు పెరుగుతుంది. వీలైతే గదులు 18 డిగ్రీల కంటే చల్లబడకుండా చూసుకోండి.

తప్పు ఎప్పుడూ మనది కాదు

ఇవన్నీ చేసినా తగ్గకపోతే, పైకప్పు కారుతుండవచ్చు, గొట్టం పగిలి ఉండవచ్చు, గోడ కింద నుంచి తడి ఎక్కుతుండవచ్చు. అద్దె ఇళ్లలో ఉన్న కొత్త కుటుంబాలు, విద్యార్థులు "మీ వంటల వల్లే" అనే మాట విని ఊరుకుంటున్నారు. ఊరుకోవద్దు. 2020 డిసెంబరులో రోచ్‌డేల్‌లో 2 ఏళ్ల అవాబ్ ఇషాక్ చనిపోయాడు. ఇంట్లోని బూజును ఎక్కువ కాలం పీల్చడం వల్ల వచ్చిన శ్వాసకోశ వ్యాధే కారణమని 2022లో కరోనర్ తేల్చారు. అతని పేరు మీద వచ్చిన చట్టం ఇంగ్లండ్‌లోని కౌన్సిల్, హౌసింగ్ అసోసియేషన్ ఇళ్లకు 2025 అక్టోబరు 27 నుంచి వర్తిస్తోంది. ప్రమాదకరమైన తడి, బూజు గురించి చెబితే వారు 10 పనిదినాల్లో పరిశీలించాలి. ప్రమాదం ఉందని తేలితే ఆ తర్వాత 5 పనిదినాల్లో దాన్ని తొలగించాలి. ప్రాణాపాయం ఉంటే 24 గంటల్లోనే చర్య తీసుకోవాలి.

ప్రైవేటు అద్దె ఇంట్లో ఉన్నవారు తుడిచే ముందే తేదీతో ఫోటోలు తీసి, యజమానికి ఫోన్‌లో కాకుండా ఈమెయిల్‌లో రాయండి. జవాబు లేకపోతే కౌన్సిల్ ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ విభాగానికి చెప్పండి. ఇంగ్లీషులో ఉత్తరం రాయడం కష్టమైన పెద్దవారు మన గుడిలో ఎవరినైనా అడగండి, మొహమాటపడకండి. రాయగలిగినవాళ్లు మనలో ఎంతోమంది ఉన్నారు.

ఈ ఆదివారం ఒక్క పని చేయండి. ఇంట్లో బయటి గోడకు ఆనించిన ప్రతి బీరువాను, మందిరాన్ని బెత్తెడు ముందుకు జరిపి, వెనక ఒకసారి చూడండి.