అందం కాదు, కాయితం చూడాలె

ప్లాటు కొనేటప్పుడు మనం ఏం జేస్తం? లింకు డాకుమెంట్లు అడుగుతం, ఈసీ తీపిస్తం. యూరప్ డీలర్ల దగ్గర పాత చిత్రాలు, విగ్రహాలు కొనేటోళ్లు సుత గిదే చెయ్యాలంట నేను. ఎవలి చేతులకెల్లి ఎవలి చేతులకు మారిందో చెప్పే చరిత్రను ఆ వ్యాపారంల 'ప్రావెనెన్స్' అంటరు.

జర్మనీల బెల్‌ట్రాకీ అనేటాయిన పేరున్న పెయింటర్ల పేరు మీద దొంగ చిత్రాలు గీసిండు. 1914 నాటిదని చెప్పిన ఒక చిత్రం 2006ల కొలోన్ వేలంల 28 లక్షల యూరోలకు పైనే పలికింది. తర్వాత పరీక్ష చేస్తే, 1914ల పెయింటర్లు వాడని టైటానియం తెల్లరంగు అండ్ల దొరికింది. వెనుక అంటించిన పాత కలెక్షన్ లేబుల్ గూడ దొంగదే! 2011ల ఆయనకు ఆరేండ్ల జైలు పడ్డది.

నకిలీదైతే పైసలే పోతయ్. దొంగసొత్తయితే? 1961ల నలందా మ్యూజియంల 14 విగ్రహాలు ఎత్తుకపోయిండ్రు. అండ్ల ఒక కంచు బుద్ధుడు 2018ల యూరప్‌ల ఒక ట్రేడ్ ఫెయిర్‌ల అమ్మకానికి కనవడ్డడు. తెలిసినోళ్లు గుర్తువట్టిండ్రు. ఓనరు, డీలరు ఒప్పుకున్నంక, ఆగస్టు 15న లండన్ పోలీసులు మన హైకమిషన్‌కు అప్పజెప్పిండ్రు.

యునెస్కో ఒప్పందం 1970ది. అందుకే 'గంతకు ముందే దేశం దాటింది' అంటే చాలనుకునేటోళ్లు ఉన్నరు. నలందా బుద్ధుడు పోయింది అంతకు తొమ్మిదేండ్ల ముందుగాల!

ఎగుమతి పర్మిషన్, పాత వేలం క్యాటలాగ్, పాత ఫొటో అడగాలె. ఆర్ట్ లాస్ రిజిస్టర్‌ల, ఇంటర్‌పోల్ లిస్టుల వెతకాలె. 'పాత కుటుంబం సొత్తు' అంటే, ఏ కుటుంబం, ఏ సాలు అని అడగాలె. చెప్పకుంటే లేచి రావాలె. ఆ విగ్రహం ఏదో ఊరి గుడిల మొక్కులందుకున్న దేవుడై ఉండొచ్చు.