అకౌంటింగ్‌ చదువే అప్పుల దేశాన్ని గట్టెక్కించింది!

పదిహేడేళ్లకే పెళ్లి. కొన్నేళ్లకే నలుగురు కొడుకులు. తోటివాళ్లు విదేశాల్లో డిగ్రీలు చేస్తుంటే తను ఇంట్లో పిల్లల్ని చూసుకుంటోంది. ‘ఇక చదువేంటి?’ అని ఎవరైనా అనుకునే పరిస్థితే. ఆ అమ్మాయే ఆఫ్రికా ఖండంలో ఎన్నికల్లో గెలిచి దేశాధ్యక్షురాలైన తొలి మహిళ. పేరు ఎలెన్‌ జాన్సన్‌ సర్లీఫ్‌. దేశం లైబీరియా. ఆమెను అంత దూరం తీసుకెళ్లింది గొప్ప వారసత్వమో, సైన్యమో కాదు. లెక్కలు చదవడం, అవి చెప్పే నిజాన్ని దాచకపోవడం!

ఊడ్చారు.. వడ్డించారు.. చదివారు

ఎలెన్‌ 1938 అక్టోబరు 29న రాజధాని మన్రోవియాలో పుట్టారు. నాన్న లాయరు, అమ్మ టీచరు. పెళ్లయ్యాక భర్తతో అమెరికా వెళ్లే అవకాశం వస్తే పిల్లల్ని పెద్దవాళ్ల దగ్గర వదిలి బయల్దేరారు. విస్కాన్సిన్‌లోని మ్యాడిసన్‌ బిజినెస్‌ కాలేజీలో అకౌంటింగ్‌లో చేరారు. ఖర్చుల కోసం నేల ఊడ్చారు, కౌంటర్‌ దగ్గర వడ్డించారు. తిరిగొచ్చి దేశ ఆర్థిక శాఖలో ఉద్యోగం సంపాదించారు. వేధింపులు భరించలేక భర్త నుంచి విడిపోయారు.

ఖజానా సొమ్ము ఎటు పోతోందో దగ్గర్నుంచి చూసిన ఆమె.. 1969లో ఒక సదస్సులో సర్కారు తీరును అందరి ముందే తప్పుబట్టారు. ఉద్యోగానికే ఎసరు వచ్చే పని అది. కానీ అక్కడున్న హార్వర్డ్‌ ఆర్థికవేత్త ఒకరు ఆమెలోని సత్తాను గుర్తించారు. ఆయన సాయంతో హార్వర్డ్‌లో సీటొచ్చింది. 1971లో ప్రభుత్వ పాలనలో మాస్టర్స్‌ పూర్తిచేశారు.

నిజం చెబితే జైలు

1979లో ఆర్థిక మంత్రి అయ్యారు. ఏడాది కూడా నిలవలేదు. 1980 ఏప్రిల్‌లో శామ్యూల్‌ డో అనే సైనికుడి నాయకత్వంలో తిరుగుబాటు జరిగింది. అధ్యక్షుడు టోల్బర్ట్‌ను చంపేశారు. పది రోజులకే 13 మంది పెద్దలను మన్రోవియా సముద్రతీరంలో కాల్చేశారు. బతికిపోయిన కొద్దిమంది మంత్రుల్లో ఎలెన్‌ ఒకరు.

దేశం విడిచినా ఆమె చేతిలో పని ఉంది. ప్రపంచ బ్యాంకు పిలిచింది. ఆ తర్వాత నైరోబీలో సిటీబ్యాంక్‌ ఉన్నతోద్యోగం. హాయిగా ఉండిపోవచ్చు. కానీ 1985 ఎన్నికలకు తిరిగొచ్చారు. సైనిక పాలకులను ఘాటుగా విమర్శించినందుకు పదేళ్ల శిక్ష పడింది. బయటినుంచి ఒత్తిడి రావడంతో వదిలేశారు. సెనేట్‌కు ఎన్నికైనా ‘రిగ్గింగ్‌ జరిగిన ఎన్నిక ఇది’ అంటూ సీటు వద్దన్నారు. మళ్లీ జైలు. 1986లో విడుదలయ్యాక మరోసారి పరదేశం. 1992లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థలో ఆఫ్రికా విభాగం అధిపతి అయ్యారు. 1997లో ఆ కొలువు వదులుకుని అధ్యక్ష పదవికి పోటీచేస్తే చార్లెస్‌ టేలర్‌ చేతిలో చిత్తుగా ఓడారు.

2005లో మళ్లీ బరిలోకి. ఎదుట ప్రపంచ ఫుట్‌బాల్‌ స్టార్‌ జార్జ్‌ వియా. తొలి రౌండ్‌లో ఆయనే ముందున్నారు. రెండో రౌండ్‌లో 59 శాతానికి పైగా ఓట్లతో ఎలెన్‌ గెలిచారు. 2006 జనవరి 16న ప్రమాణం చేసేనాటికి వయసు 67.

మూడు సెంట్ల బేరం

చేతికొచ్చింది 14 ఏళ్ల అంతర్యుద్ధంలో కాలిపోయిన దేశం. రాజధానిలోనే కరెంటు లేదు. 1980ల నుంచి కట్టని అప్పు వడ్డీతో కలిసి దాదాపు 490 కోట్ల డాలర్లకు చేరింది. దేశం ఏడాది సంపాదనకు అది ఎన్నో రెట్లు. పాత బాకీ తేలకపోతే కొత్త రుణం పుట్టదు.

బాగా అప్పుల్లో మునిగిన పేద దేశాలకు ప్రపంచ బ్యాంకు, ఐఎంఎఫ్‌ల మాఫీ పథకం ఒకటి ఉంది. అడగ్గానే ఇవ్వరు. ఏళ్ల తరబడి ఖాతాలు సరిగ్గా రాసి చూపాలి, దుబారా తగ్గించాలి, ఆడిట్‌కు ఒప్పుకోవాలి. ఎలెన్‌కు ఇది తెలిసిన పనే. ఆదాయం తెచ్చే శాఖల్లో విదేశీ నిపుణులు కూడా సంతకం పెడితేనే డబ్బు కదిలే పద్ధతిని కొనసాగించారు. పరువు తక్కువని కొందరన్నా పట్టించుకోలేదు.

ప్రైవేటు రుణదాతల బాకీ వేరు. అది 120 కోట్ల డాలర్లు. 2009లో వాళ్లతో బేరమాడి డాలరుకు దాదాపు మూడు సెంట్ల చొప్పున తీర్చేశారు. ఆ కాస్త సొమ్మూ దాతల నుంచే తెచ్చారు. 2010 జూన్‌లో మిగతా అప్పుకు పెద్ద మాఫీ వచ్చింది. ఈలోపే మన్రోవియా వీధుల్లో దీపాలు వెలిగాయి. ప్రాథమిక విద్య ఉచితం, తప్పనిసరి అయింది.

మనవాళ్లకీ చోటుంది ఈ కథలో. 2007లో సీఆర్పీఎఫ్‌ మహిళల దళం ఐరాస తరఫున లైబీరియా వెళ్లింది. ఐరాస శాంతిదళాల్లో పూర్తిగా మహిళలతో కూడిన తొలి పోలీసు యూనిట్‌ అదే. అధ్యక్షురాలి కార్యాలయానికీ కాపలా కాసింది.

మచ్చలూ ఉన్నాయి

2011లో నోబెల్‌ శాంతి బహుమతి అందుకున్న ముగ్గురిలో ఎలెన్‌ ఒకరు. అయినా విమర్శలు తప్పలేదు. అవినీతిపై యుద్ధమని చెప్పి కొడుకులను పెద్ద పదవుల్లో కూర్చోబెట్టారు. యుద్ధం మొదట్లో టేలర్‌కు మద్దతిచ్చినందుకు దేశానికి క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. 2014లో ఎబోలా విరుచుకుపడి లైబీరియాలో 4,800 మందికి పైగా చనిపోయినప్పుడు ఆసుపత్రుల బలహీనత బయటపడింది. ఇతరుల ఖాతాలు సరిచూసినంత నిక్కచ్చిగా ఇంటివాళ్ల విషయంలో లేరన్న మాట నిజమే.

2018 జనవరిలో రెండు పర్యాయాల పదవీకాలం ముగిశాక, ఒకప్పుడు తన చేతిలో ఓడిన వియాకే పగ్గాలు అప్పగించారు. ఎన్నికైన నేత నుంచి ఎన్నికైన నేతకు అక్కడ శాంతియుతంగా అధికారం మారడం 1944 తర్వాత అదే మొదటిసారి.

మీరు ఏం తీసుకోవచ్చు?

* చదువులో గ్యాప్‌ వచ్చిందని ఆగిపోవద్దు. ఆమె హార్వర్డ్‌ పట్టా అందుకునేసరికి వయసు 32, పిల్లలు నలుగురు.

* కామర్స్‌ అంటే బ్యాంకు పరీక్షలే కాదు. బడ్జెట్‌ చదవగలిగినవాళ్ల అవసరం పంచాయతీ నుంచి ఐక్యరాజ్యసమితి దాకా ఉంది.

* పదవి పోయినా నైపుణ్యం పోదు. రెండుసార్లు దేశం విడిచినా ఆమెకు కొలువు దొరికింది అందుకే.

* లెక్క తేడాగా కనిపిస్తే అడగండి. ముందు సొంత లెక్క సరిచూసుకోండి.